లైబ్రరీలో ఆ పుస్తకం లేదా? బ్యాన్ చేశారా.. అసలు కొనలేదా? పాఠకుడి హక్కులివే!

తెనాలి, బాపట్ల, రేపల్లె.. ఈ మూడు ఊళ్లలోనూ లైబ్రరీ అంటే పొద్దున్నే పేపర్ చదివే పెద్దవాళ్లు, పోటీ పరీక్షలకు ప్రిపేర్ అయ్యే యువత గుర్తొస్తారు. అక్కడ ఒక పుస్తకం అడిగితే ‘లేదు’ అనే మాట వినిపించిందనుకోండి. ఆ ‘లేదు’కి రెండు అర్థాలుంటాయి. ఒకటి ప్రభుత్వం నిషేధించడం. రెండోది ఎవరూ నిషేధించకుండానే పుస్తకం అల్మారా దాకా రాకపోవడం. ఈ రెండింటికీ తేడా తెలిస్తేనే ఎవరిని, ఏమని అడగాలో తెలుస్తుంది.

మన జిల్లా నవలకే రెండుసార్లు బ్యాన్

ఇప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది. బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. అంతకుముందు మూడూ గుంటూరు జిల్లా ఊళ్లే. అదే జిల్లాకు చెందిన ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో రాయవెల్లూరు జైల్లో ఉండగా ‘మాలపల్లి’ నవల రాశారు. అంటరానితనం, వ్యవసాయ కూలీల బతుకు, స్వాతంత్య్ర ఉద్యమం.. అన్నీ అందులో ఉన్నాయి. 1923లో మద్రాస్ ప్రభుత్వం ఆ నవలను నిషేధించింది. శాసనసభలో చర్చ జరిగాక, 1928లో కొన్ని మార్పులతో అనుమతి ఇచ్చింది.

కథ అక్కడితో అయిపోలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ నవలను పాఠ్యపుస్తకంగా పెట్టాక 1936లో మళ్లీ బ్యాన్ పడింది. 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాకే అది పూర్తిగా తొలగింది. అప్పుడు దాచిపెట్టాలనుకున్న నవలే ఇప్పుడు తెలుగు సాహిత్యంలో గొప్ప నవలల లిస్టులో ముందుంటుంది.

ఇప్పుడు బ్యాన్ ఎలా చేస్తారు?

భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 98 ప్రకారం ఆ అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. 2024 జూలై 1కి ముందు ఇదే అధికారం సీఆర్‌పీసీ సెక్షన్ 95 కింద ఉండేది. వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం, మత భావాలను కావాలని గాయపరచడం, అశ్లీలం లాంటి నేరాల కిందకు వస్తుందని అనిపిస్తే, కారణాలు రాసి మరీ నోటిఫికేషన్ ఇవ్వాలి. అది వచ్చాక ఆ పుస్తకం కాపీలు ఎక్కడున్నా పోలీసులు స్వాధీనం చేసుకోవచ్చు. లైబ్రరీలో ఉన్న కాపీ కూడా ఇందుకు మినహాయింపు కాదు.

అయితే ఇక్కడ పాఠకులు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఈ నోటిఫికేషన్‌ను రెండు నెలల్లోగా హైకోర్టులో సవాల్ చేయొచ్చు. ముగ్గురు జడ్జిల స్పెషల్ బెంచ్ దాన్ని వింటుంది. అంటే చట్టం చేసే బ్యాన్ బహిరంగంగా ఉంటుంది. కారణం ఉంటుంది. అప్పీల్ కూడా ఉంటుంది.

కంచ ఐలయ్య రాసిన ‘పోస్ట్ హిందూ ఇండియా’లోని ఒక అధ్యాయం తెలుగులో చిన్న పుస్తకంగా రావడంతో 2017లో రెండు రాష్ట్రాల్లోనూ దుమారం రేగింది. బ్యాన్ చేయాలని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అదే ఏడాది అక్టోబర్‌లో కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది.

చప్పుడు లేని బ్యాన్

అసలు సమస్య రెండో రకంతోనే. కొనుగోలు లిస్టులో పేరు చేర్చకపోతే చాలు. వచ్చిన పుస్తకాన్ని తాళం వేసిన బీరువాలో పెట్టినా చాలు. జీవో ఉండదు, కారణం ఉండదు, అప్పీల్ చేయడానికి కాగితం ముక్క కూడా ఉండదు. తెనాలిలో పెరిగిన చలం రచనలను ఇంట్లో దాచుకుని చదివిన తరాలున్నాయి. అలా దాచాల్సి రావడానికి ఏ నోటిఫికేషనూ అవసరం పడలేదు.

‘లేదు’ అన్న ప్రతిసారీ కుట్ర ఉందని కాదు. బడ్జెట్ చాలకపోవచ్చు, కాపీ పోయి ఉండొచ్చు. కానీ కారణం ఏంటో తెలుసుకునే హక్కు పాఠకుడిది. ఎందుకంటే ఆ డబ్బు మనదే. గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున లైబ్రరీ సెస్సు కడుతున్నాం.

మీరేం చేయొచ్చు?

• కావాల్సిన పుస్తకం పేరు, రచయిత పేరు రాసి లైబ్రేరియన్‌కు లెటర్ ఇవ్వండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.
• జవాబు రాకపోతే జిల్లా గ్రంథాలయ సంస్థకు రాయండి.
• అప్పటికీ తేలకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ ఏడాది కొన్న పుస్తకాల లిస్టు అడగండి. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.
• ‘బ్యాన్ అయింది’ అని చెబితే నోటిఫికేషన్ నంబర్, తేదీ అడగండి.

ఈ ప్రాంతానికి లైబ్రరీలు ఎవరో పైనుంచి ఇస్తే వచ్చినవి కావు. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న వేటపాలెం సారస్వత నికేతనాన్ని 1918లోనే స్థానికులు మొదలుపెట్టారు. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. 1930ల్లో పాతూరి నాగభూషణం తెనాలి ప్రాంతంలో పడవ మీద లైబ్రరీ పెట్టి, కాలువ గట్టు పల్లెలకు పుస్తకాలు చేరవేశారు. అడగకముందే పుస్తకం ఇంటి ముందుకు వచ్చిన నేల ఇది. ఇప్పుడు అడిగినా దొరకకపోతే, ఎందుకో కాగితం మీద చెప్పమనడం తప్పేమీ కాదు.