కంప్యూటరు విద్యా సదస్సులు – మన భాషల ప్రశ్న

కంప్యూటరు శాస్త్రంలోని నూతన పరిశోధనలను వెల్లడించే సదస్సులు ప్రపంచమంతటా జరుగుతున్న సంగతి అందరికీ తెలిసినదే. అయితే ఆ శాస్త్రాన్ని తరగతిలో ఎట్లా బోధించాలి, విద్యార్థి ఎక్కడ తడబడుతున్నాడు, ఎందుకు తడబడుతున్నాడు అన్న అంశం మీదనే దేశదేశాల అధ్యాపకులు ఏటేటా సమావేశమవుతారన్న సంగతి మన ప్రాంతంలో అంతగా ప్రచారం పొందలేదు. మేడ్చల్ మీదుగా నాగపూరుకు పోయే రహదారి వెంబడి, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి వెంబడి, కండ్లకోయ, మైసమ్మగూడ వంటి ఊళ్ళలో ఇంజనీరింగు కళాశాలలు వెలిసినవి. 2008లో శామీర్‌పేట సమీపాన బిట్స్ పిలానీ వారి హైదరాబాదు ప్రాంగణం ప్రారంభమయింది. ఏటా ఇంతమందికి ప్రోగ్రామింగు నేర్పే ప్రాంతం, ఆ నేర్పే విధానాన్ని గురించి కూడ ఆలోచింపక తప్పదు.

ఈ సదస్సుల పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా చెప్పుకుందాం. 1947లో అమెరికాలో స్థాపితమైన అసోసియేషన్ ఫర్ కంప్యూటింగ్ మెషినరీ అనే సంస్థ, కంప్యూటరు విద్య కొరకు 1968లో ఒక ప్రత్యేక విభాగాన్ని ఏర్పరచింది. కంప్యూటరు శాస్త్రానికి ఒక సమగ్ర పాఠ్యప్రణాళికను ఆ సంస్థ ప్రకటించినది కూడ ఆ ఏడాదే. 1970లో టెక్సస్ రాష్ట్రపు హ్యూస్టన్ నగరంలో ఆ విభాగం తొలి సదస్సు జరిగింది. ఐరోపాలో అటువంటిదే 1996లో బార్సిలోనాలో మొదలయింది. మన దేశంలో కంప్యూటర్ సొసైటీ ఆఫ్ ఇండియా 1965 నాటిది. ‘కంప్యూట్’ అనే వార్షిక సదస్సు 2008లో బెంగుళూరులో ఆరంభమై, తరువాతి కాలంలో కంప్యూటరు విద్యనే ప్రధానాంశంగా స్వీకరించింది. విద్యలో సాంకేతికతను గురించిన మరొక సదస్సు 2012లో హైదరాబాదులోను, 2015లో వరంగల్లులోను జరిగింది.

2023 డిసెంబరు మన నగరానికి విశేషమైన మాసం. కంప్యూటరు విద్యపై అంతర్జాతీయ సదస్సు (మొదటిది 2019లో చైనాలోని చెంగ్డూలో జరిగింది) ఆ నెల 5 నుండి 9 వరకు హైదరాబాదులో జరిగింది. దాని వెంటనే 9 నుండి 11 వరకు పదహారవ ‘కంప్యూట్’ సదస్సు కూడ ఇక్కడనే జరిగింది.

సదస్సు అనగానే మన కళ్ళ ముందు మెదిలేది దీపప్రజ్వలన, శాలువాలు, పుష్పగుచ్ఛాలు, చివరకు యోగ్యతాపత్రాల పంపకం. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలిచ్చి నలభై పత్రాలు చదివించే ‘జాతీయ సదస్సులు’ మనమెన్నో చూసినాము. ఇక్కడ చెబుతున్న సదస్సుల పద్ధతి వేరు. పత్రం నెలల ముందుగానే పంపాలి. రచయిత పేరు తెలియకుండ దానిని ఇతర అధ్యాపకులు పరీక్షిస్తారు. ‘మా విద్యార్థులు ఎంతో ఉత్సాహంగా నేర్చుకున్నారు’ అన్న వాక్యం అక్కడ చెల్లదు. ఎంతమంది విద్యార్థులు, ఏమి అడిగినారు, వారేమి వ్రాసినారు, పద్ధతి మార్చక ముందు ఎట్లా ఉన్నది, మార్చిన తరువాత ఎట్లా ఉన్నది – ఇవి చూపాలి.

ఇవిగాక కొన్ని సదస్సులలో ‘కార్యవర్గం’ అనే మంచి ఏర్పాటు ఉన్నది. వేర్వేరు దేశాల అధ్యాపకులు కొందరు ఒక ప్రశ్నను పంచుకొని, నెలల తరబడి తమ తమ కళాశాలలలో సమాచారం సేకరించి, సదస్సుకు ముందే కలుసుకొని నివేదిక వ్రాస్తారు. అటువంటి నివేదికలలో ప్రసిద్ధమైనది 2001 నాటిది. మైకేల్ మెక్‌క్రాకెన్ నాయకత్వాన ఆ బృందం నాలుగు విశ్వవిద్యాలయాలకు చెందిన 216 మంది విద్యార్థులకు, ప్రోగ్రామింగులో తొలి పాఠాలు ముగిసిన తరువాత, లెక్కలు చేసే ఒక చిన్న ప్రోగ్రాము వ్రాయమని ఇచ్చింది. 110 మార్కులకు సగటున వచ్చినవి 22.89! అప్పటివరకు ప్రతి అధ్యాపకుడూ తన తరగతిలో మాత్రమే ఈ దుస్థితి ఉన్నదనుకొని, తన విద్యార్థులనో తననో నిందించుకుంటూ వచ్చినాడు. దోషం ఒక తరగతిది కాదని తెలిసింది. 2004లో రేమండ్ లిస్టర్ తదితరులు ఏడు దేశాలలో మరొక పరీక్ష జరిపి, ప్రోగ్రాము వ్రాయడం అటుంచి, ఇచ్చిన ప్రోగ్రామును చదివి ఫలితమేమిటో చెప్పడమే చాలామందికి కష్టంగా ఉన్నదని తేల్చినారు.

ఇది మనకు అర్థం కావాలంటే ఒక చిన్న ఉదాహరణ చాలును. మొదటి వరుసలో ‘క = 5’ అని, రెండవ వరుసలో ‘గ = క’ అని, మూడవ వరుసలో ‘క = 7’ అని ఉన్నదనుకుందాం. ఇప్పుడు ‘గ’ విలువ ఎంత? బీజగణితం చదివిన విద్యార్థి, క, గ సమానమని ఒకసారి చెప్పినారు గనుక 7 అంటాడు. కంప్యూటరు మాత్రం 5 అంటుంది. అక్కడ ఆ గుర్తుకు అర్థం సమానత్వం కాదు. కుడివైపు ఉన్న విలువను తెచ్చి ఎడమవైపు పెట్టెలో ఉంచుమన్న ఆజ్ఞ. విద్యార్థి తప్పు చేసింది తెలివి లేక కాదు, పదవ తరగతిలో నేర్చిన దానిని నిజాయితీగా పాటించినందువల్ల. ఈ ఒక్క సంగతి అధ్యాపకునికి ముందుగా తెలిసి ఉంటే మొదటి వారం పాఠమే మారిపోతుంది.

ఇక మన కళాశాలకు అతి దగ్గరి విషయం. 1985లో బోనార్, సొలోవే అనే పరిశోధకులు ఒక విచిత్రాన్ని గమనించినారు. ప్రోగ్రామింగులో ‘వైల్’ అనే మాట, ఒక షరతు నిజమై ఉన్నంతవరకు ఒక పనిని మరల మరల చేయించేది. ప్రతి ఆవృత్తి ఆరంభంలో మాత్రమే యంత్రం ఆ షరతును చూస్తుంది. కాని ఇంగ్లీషు మాట్లాడే విద్యార్థులలో కొందరు, వాడుక భాషలో ఆ మాటకున్న అర్థాన్ని బట్టి, యంత్రం అనుక్షణం షరతును కనిపెట్టుకొని ఉంటుందని భావించినారు. అంటే ఇంగ్లీషు వచ్చినవానిని ఇంగ్లీషే తప్పుదారి పట్టించింది!

మరి ఇంటిలో ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు వినే మన విద్యార్థి సంగతేమిటి? ఉర్దూలో ‘జబ్ తక్ బారిష్ హో’ అంటే వాన ఉన్నంతసేపు. ‘జబ్ తక్ బారిష్ న రుకే’ అంటే వాన ఆగేవరకు. రెండింటికీ ‘జబ్ తక్’ ఒకటే, రెండవదానిలో క్రియ వేరు, దానికి ముందు ‘న’ అనే చిన్న అక్షరమూ ఉన్నది. ప్రోగ్రామింగులో ‘ఉన్నంతసేపు’ అన్నదానికీ ‘ఆగేవరకు’ అన్నదానికీ వ్రాయవలసిన షరతులు పరస్పర విరుద్ధమైనవి. తెలుగులో ‘వాడు వస్తే చెప్పు’ అన్నప్పుడు, వస్తాడో రాడో తెలియదన్న అర్థమూ ఉన్నది, వచ్చినప్పుడు చెప్పుమన్న అర్థమూ ఉన్నది. ఈ పోలికలు మన విద్యార్థికి తోడ్పడతాయా, అడ్డుపడతాయా? ఇది పుస్తకం చూసి చెప్పగలిగినది కాదు, తరగతిలో అడిగి తెలుసుకోవలసినది. 2018లో ఫిలిప్ గువో ప్రకటించిన పరిశోధనలో 86 దేశాల నుండి, 74 మాతృభాషల వారి నుండి 840 సమాధానాలు వచ్చినవి. ఇంగ్లీషు మాతృభాష కానివారు ఒకేసారి రెండు విద్యలు, భాషనూ ప్రోగ్రామింగునూ, నేర్వవలసి వస్తున్నదని అందులో వెల్లడయింది. బొంబాయి ఐఐటిలో యోగేంద్ర పాల్, శ్రీధర్ అయ్యర్ హిందీ మాధ్యమం నుండి వచ్చిన విద్యార్థులను గురించి ఇటువంటి పరిశోధననే చేసినారు.

మన గడ్డకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఆధునిక శాస్త్రాలను బోధించింది. దాని కొరకు దారుల్ తర్జుమా పండితులు శాస్త్ర పదాలను సృష్టించినారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల పాఠ్యగ్రంథాలను తెలుగులో వెలువరించింది. 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో వెలసింది. 2021లో తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషలలో ఇంజనీరింగు బోధనకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి అనుమతి ఇచ్చింది. పదాలను సృష్టించడంలో మన పెద్దలు చూపిన శ్రద్ధ అపారమైనది. ఆ పదాలు విన్న పిల్లవాని మనసులో ఏమి రూపు కట్టిందన్న విచారణ మాత్రం ఇంకా మిగిలే ఉన్నదని నా అభిప్రాయం.

ఈ విచారణకు తొందర కూడ వచ్చి పడింది. 2022లో న్యూజిలాండులోని ఆక్లాండు పరిశోధకులు ఒక కృత్రిమ మేధా యంత్రానికి ప్రథమ తరగతి ప్రోగ్రామింగు ప్రశ్నపత్రాలు ఇచ్చి చూసినారు. 71 మంది విద్యార్థుల సరసన నిలిపితే దానికి వచ్చినది పదిహేడవ స్థానం. అప్పటి నుండి అటువంటి యంత్రాలు మరింత ముందుకు పోయినవి. ఇంటి నుండి వ్రాసి తెచ్చిన ప్రోగ్రామును చూసి విద్యార్థికి వచ్చినదీ రానిదీ నిర్ణయించే కాలం గడచిపోయింది. చదివి వివరించుమని అడగాలి. వివరించడమంటే మళ్ళీ భాష! ఇంగ్లీషులో వివరించలేక మౌనంగా నిలబడిన విద్యార్థికి విషయమే రాలేదని మార్కులు వేయడం ఎంతవరకు న్యాయం?

ఇంతకు కమిటీ పెద్దలు చేయవలసిన వ్యయం పెద్దది కాదు. 1951 నుండి 2000 వరకు తాను ప్రచురించిన పత్రాలను పైన చెప్పిన అసోసియేషను 2022 నుండి ఎవరైనను ఉచితంగా చదువుకొనుటకు వీలు కల్పించింది. గ్రంథాలయంలో ఒక కంప్యూటరు దానికి కేటాయిస్తే చాలును. ప్రథమ సంవత్సరపు ప్రయోగశాలలో ఒక పుస్తకం ఉంచి, ‘గ’ విలువ 7 అన్నవారు ఎందుకట్లా అన్నారో, వారికి వచ్చిన భాషలోనే, ఉర్దూ లిపిలో గాని తెలుగు లిపిలో గాని, పేరు లేకుండ వ్రాయించవచ్చును. సమాధానాలు వాడుకొనుటకు విద్యార్థి అనుమతి ముందుగా తీసుకొనడం అవసరం. ఉర్దూ విభాగంవారు, తెలుగు విభాగంవారు, కంప్యూటరు విభాగంవారు కలసి కూర్చొని ఆ పుటలను చదివితే, ఒక్క ఏడాదిలో ఒక సదస్సు పత్రానికి కావలసిన సామగ్రి సమకూరుతుంది.