గోదావరి జవాను, ఆకాశంలో గొడుగు: కొన్ని విశేషాలు

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. చుట్టుపక్కల అందరూ ‘మిలటరీ మాధవరం’ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఈ ఒక్క ఊరి నుంచి 90 మంది వెళ్లారు. రెండో యుద్ధానికి వెళ్లినవాళ్లు వెయ్యి మందికి పైనే. పిల్లలకు మేజర్, సుబేదార్, కల్నల్ అని పేర్లు పెట్టుకున్న ఇళ్లు ఇక్కడున్నాయి. నీళ్లకూ పంటకూ లోటులేని పశ్చిమ గోదావరిలో ఇంతమంది సైన్యంలోకి వెళ్లడానికి బతుకుతెరువు ఒక్కటే కారణం కాదు. తాతలు అరుగుల మీద కూర్చుని చెప్పిన కబుర్ల బలం కూడా అందులో ఉందని నా నమ్మకం.

ఆ రెండో యుద్ధం గోదావరి డెల్టా ఆకాశంలోకీ వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నంతో పాటు కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ కాలంలో వేసిన రన్‌వే ఆనవాళ్లు తాడేపల్లిగూడెంలో ఇంకా ఉన్నాయి.

కాకినాడ మీద బాంబులు పడటానికి ఇంచుమించు ఆరు నెలల ముందు, 1941 అక్టోబరు 15న, కరాచీలో ఇద్దరు భారతీయ సైనికులు పారాచూట్లు కట్టుకుని విమానంలోంచి దూకారు. మన సైన్యంలో అలా దూకిన మొదటివాళ్లు వాళ్లే. ఒకరు హవల్దార్ మేజర్ మథురా సింగ్. రెండో ఆయన లెఫ్టినెంట్ ఎ.జి. రంగరాజ్, డాక్టరు! పదేళ్ల తర్వాత, 1951 మార్చి 23న, కొరియాలోని మున్సాన్ దగ్గర అమెరికన్ పారాట్రూపర్లతో పాటు ఆయన వైద్య బృందం కూడా దూకి, గాయపడ్డవాళ్లకు అక్కడికక్కడే వైద్యం చేసింది. రంగరాజ్‌కు మహావీర చక్ర ఇచ్చారు. మన సైన్యంలో తొలి మహిళా పారాట్రూపర్ కెప్టెన్ ఫరీదా రెహానా 1964లో దూకారు. ఆవిడా డాక్టరే. చంపడానికి కాక బతికించడానికి దూకినవాళ్ల పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలి.

పారాట్రూపర్ కావాలంటే ఆగ్రా వెళ్లాలి. అక్కడి పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్‌ను వాయుసేన నడుపుతుంది. ముందు నేల మీదే పాఠాలు: కాళ్లు దగ్గరపెట్టి ఎలా దిగాలి, దిగగానే ఎలా దొర్లాలి, గాలి ఈడ్చుకుపోతుంటే పారాచూట్ గొడుగును ఎలా మడిచేయాలి. తర్వాత ఐదు దూకుళ్లు. అవి పూర్తయితే ఛాతీ మీద రెక్కల బ్యాడ్జి.

ఈ ఐదు దూకుళ్లలో జవాను ఏ తాడూ లాగడు. వీపు మీది పారాచూట్‌కున్న పట్టీ కొసను విమానంలో పొడవునా కట్టిన తీగకు తగిలిస్తారు. ఎర్ర దీపం వెలిగితే తలుపు దగ్గర నిలబడాలి, పచ్చ దీపం వెలగగానే అడుగు బయట వేయాలి. మనిషి కిందికి జారుతుంటే పట్టీ తనంతట తనే గొడుగును లాగి విప్పుతుంది. మొత్తం మూడు నాలుగు సెకన్ల పని. తర్వాత ఓ నిమిషం పాటు గాలిలో వేలాడటమే. నేల తాకేటప్పటి వేగం సెకనుకు ఐదారు మీటర్లు, అంటే దాదాపు ఐదడుగుల గోడ మీంచి దూకినంత. అందుకే చీలమండలు బెణుకుతాయి. అందుకే ఆ దొర్లే పాఠం. మన పారాట్రూపర్లు తమ గొడుగును తల్లిగా తలుచుకుని ‘ఛత్రీ మాతా కీ జై’ అంటారు. దాన్ని మడత పెట్టేది వేరే చేతులు. ఆ మడతలో చిన్న పొరపాటు జరిగితే ప్రాణం పోతుంది కనుక మడిచే మనిషిని నమ్మడమే ఈ కొలువులో మొదటి ధైర్యం.

క్రికెటర్ ధోనీ గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ అని అందరికీ తెలుసు. 2015 ఆగస్టులో ఆయన ఆగ్రాలో అందరితో పాటు శిక్షణ తీసుకుని, ఏఎన్-32 విమానంలోంచి 1,250 అడుగుల ఎత్తున దూకి, ఆ ఐదు దూకుళ్లూ పూర్తిచేసి రెక్కల బ్యాడ్జి సంపాదించుకున్నారు.

స్కైడైవింగ్ సంగతి వేరు. పది పన్నెండు వేల అడుగుల నుంచి దూకి, గొడుగు విప్పకుండా గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో పడుతూ, తగిన ఎత్తుకు వచ్చాక తాడు లాగడం. వాయుసేనకు దీనికోసం 1987లో ఏర్పడ్డ ‘ఆకాశ గంగ’ అనే జట్టుంది. ఈ సరదా ఒకసారి పట్టుకుంటే వదలదు. అమెరికా మాజీ అధ్యక్షుడు జార్జ్ బుష్ సీనియర్ రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళ పైలట్. 1944లో విమానం కూలుతుంటే ప్రాణం కోసం దూకారు. ఆ మనిషే 75, 80, 85, 90 ఏళ్ల పుట్టినరోజులకు సంతోషం కోసం దూకారు. 1960 ఆగస్టు 16న అమెరికా వాయుసేన కెప్టెన్ జోసెఫ్ కిట్టింగర్ 1,02,800 అడుగుల ఎత్తున బెలూన్‌లోంచి దూకి నాలుగున్నర నిమిషాలు పడుతూనే ఉన్నాడు. పైకి వెళ్తుండగా కుడిచేతి గ్లవ్ పనిచేయలేదు. ఆ మాట కిందివాళ్లకు చెబితే వెనక్కి రమ్మంటారని అప్పుడు చెప్పలేదు!

ఇంత ఎత్తు నుంచి దూకేవాడికీ ఇంటి దూరం మాత్రం దూరమే. జవాను చిరునామాలో ఊరి పేరుండదు. నంబరు, పేరు, యూనిట్, కింద ‘56 ఏపీఓ’ లేదా ‘99 ఏపీఓ’. మొదటిది ఢిల్లీ, రెండోది కోల్‌కతా సైనిక తపాలా కేంద్రం మీదుగా వెళ్తుంది. కొడుకు ఏ కొండ మీద ఉన్నాడో తెలియకుండానే తల్లి ఊరగాయ జాడీ కట్టి పంపుతుంది. జవాన్లకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు. అగ్నివీరులకైతే మొత్తం 30 రోజులే. అందులో సంక్రాంతి పడితే ఆ ఇంటికి రెండు పండగలు.

ఈ మాట రాస్తుంటే లాన్స్ నాయక్ బి. సాయితేజ గుర్తొస్తాడు. అప్పటి చిత్తూరు జిల్లా ఎగువరేగడ కుర్రాడు, పారా కమాండో. 2021 డిసెంబరు 8న జనరల్ బిపిన్ రావత్‌తో పాటు కూనూరు హెలికాప్టర్ ప్రమాదంలో పోయాడు. ఆ ఉదయం కూడా ఇంటికి వీడియో కాల్ చేశాడు.

డెల్టాను పచ్చగా చేసినవాడూ ఇంటికి దూరమైన సైనికుడే. ఆర్థర్ కాటన్ మద్రాసు సైన్యంలో ఇంజినీరు. 1821లో మన దేశానికి వచ్చాడు, బర్మా యుద్ధానికి వెళ్లాడు, 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టాడు. పని నడుస్తుండగానే ఆరోగ్యం చెడి సెలవు మీద ఆస్ట్రేలియా వెళ్లాల్సివచ్చింది. తిరిగొచ్చాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది.

గాలిలోంచి మనుషులు దిగడం చూడాలంటే గోదావరి వాళ్లు ఆగ్రా దాకా పోనక్కర్లేదు. కాకినాడ తీరంలో త్రివిధ దళాల విన్యాసాలు జరుగుతుంటాయి. 2019 నవంబరులో భారత్, అమెరికా త్రివిధ దళాలు కలిసి తొలిసారి చేసిన ‘టైగర్ ట్రయంఫ్’లో ఒక భాగం ఇక్కడే. స్కైడైవర్లను చూడాలంటే విశాఖ ఆర్కే బీచిలో నౌకాదళ ప్రదర్శనకు వెళ్లాలి. 2025 జనవరిలో అక్కడ రిహార్సల్‌లో పారాచూట్లు గాలిలో చిక్కుపడి ఇద్దరు సముద్రంలో పడ్డారు. వెంటనే పడవల్లో వెళ్లి ఇద్దర్నీ క్షేమంగా తీసుకొచ్చారు. ఈసారి పిల్లల్ని తీసుకెళ్తే, రంగురంగుల గొడుగుల కోసం ఎదురుచూడటం కంటే ముందు విమానం తలుపు ఎక్కడుందో చూపించండి. అసలు సంగతంతా అక్కడే జరుగుతుంది.