చేదు సొరకాయ రసం – నిజానిజాలు

సొరకాయ అనండి, ఆనపకాయ అనండి, కన్నడంలో సోరెకాయి, తమిళంలో సురైక్కాయ్ అనండి, కాయ ఒక్కటే. పరగడుపున దాని పచ్చిరసం తాగితే ఒంట్లోని విషాలన్నీ పోతాయని కొందరంటారు. ఆ పని రాత్రింబగళ్లు చేసేవి మన కాలేయం, మూత్రపిండాలే. రసంలో ఉండేది చాలావరకు నీరే.

కాకరకు చేదు సహజం, సొరకు ప్రమాదం. చేదెక్కిన సొరకాయలో కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఉడికించినా అది పోదు, దానికి విరుగుడు మందూ లేదు. ఆ రసం తాగి రక్తపు వాంతులతో మరణించినవారున్నారు. చేదు రసం తాగవద్దనీ, వేరే రసాల్లో కలపవద్దనీ భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు హెచ్చరించారు.

కాయ కోయగానే చిన్న ముక్క నాలుకపై పెట్టి చూడండి. చేదైతే ఉమ్మేసి, కాయను పారేయండి. రసం తాగాక వాంతులు, కడుపునొప్పి మొదలైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కమ్మని కాయకు పప్పూ, పులుసూ ఉండనే ఉన్నాయి.