రాళ్ల బాటల్లో బండి పొట్టకు కవచం

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో బండి కొనేవారు పైన రంగు చూస్తారు, లోపల సీట్లు చూస్తారు. దెబ్బ తగిలేది మాత్రం కంటికి కనబడని అడుగు భాగానికి. పలక గనులకు పోయే బాటలు, నల్లమల అంచు పల్లెల డొంకలు, వాగుల మీది చప్టాలు దాటుతూ తిరిగే కార్లకు, ఆటోలకు, మోటారు సైకిళ్లకు కింది నుంచే ముప్పు పొంచి వున్నది. ఒక్క రాయి చాలు, ఇంజను మూలపడడానికి.

మార్కాపురం పలకకు పెట్టింది పేరు. బడిపిల్లల చేతి పలకలు ఒకప్పుడు ఇక్కడి నుంచే దూర ప్రాంతాలకు వెళ్లేవి. గనిలో తవ్విన రాయిలో పనికివచ్చేది కొంతే. మిగిలినదంతా వ్యర్థంగా గుట్టలు పడుతుంది. బాట మీద జారిపడిన పలక ముక్క చక్రం కింద పడి పైకి లేచిందంటే దాని అంచు కత్తిలా తగులుతుంది. వానాకాలంలో వాగులు పొర్లినప్పుడు చప్టాల మీదికి గుండ్రాళ్లు కొట్టుకొస్తాయి. బురద నీటి కింద రాయి వున్నదీ లేనిదీ తెలియదు.

మంచు దేశాల్లోనూ ఇదే చిక్కు. కెనడాకు చెందిన బొంబార్డియర్ కంపెనీ 1959లో ‘స్కీ-డూ’ పేరుతో మంచు మీద నడిచే చిన్న బండిని అమ్మకానికి తెచ్చింది. అటువంటి బండ్ల అడుగు భాగం మంచు కింద దాగిన రాళ్లు, చెట్ల మొద్దులు తగిలి పగులుతుంటుంది. అందుకని పొట్ట కింద దళసరి ప్లాస్టిక్ పలకను బిగించుకుంటారు. రాయి తగిలినప్పుడు బండి చిక్కుకోకుండా దాని మీదుగా జారిపోవడానికే ఆ పలక. ఇక్కడ మెకానిక్కులు వేసే చాంబరు గార్డుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

సొట్ట కూడా గండమే

ఇంజను ఆయిలు నిలిచే తొట్టినే చాంబరు అంటారు. చాలా కార్లలో ఇంజనుకు అట్టడుగున వుండేది ఇదే. చాంబరు పగిలితే ఆయిలు కారిపోతుంది. అది కళ్లకు కనబడుతుంది. కనబడని ప్రమాదం మరొకటి వున్నది. చాంబరు లోపల ఆయిలును పైకి లాగే జల్లెడ అడుగుకు దగ్గరగా వుంటుంది. ఇనుప రేకు చాంబరు పగలకుండా లోపలికి సొట్టపోయినా, ఆ సొట్ట జల్లెడకు అడ్డుపడవచ్చు. అప్పుడు ఒక్క చుక్క కారకపోయినా ఇంజనుకు ఆయిలు అందదు. అందుచేత ‘కారడం లేదు కదా’ అని ధీమాగా వుండడం మంచిది కాదు.

గార్డు ఎలా వుండాలి?

సాధారణంగా రెండు, మూడు మిల్లీమీటర్ల మందం గల ఇనుప రేకుతో గార్డు చేయిస్తారు. దానిని బండి చట్రానికి బిగించాలేగాని చాంబరుకే బిగించరాదు. అలా బిగిస్తే తగిలిన దెబ్బ నేరుగా చాంబరుకే చేరుతుంది. గార్డుకు, చాంబరుకు మధ్య రెండు వేళ్ల సందు వుండాలి. ముందు అంచును పడవ ముక్కులాగ పైకి వంచాలి. లేకపోతే రాయికి తట్టుకుని రేకు ఊడివస్తుంది. ఆయిలు మార్చే నట్టుకు ఎదురుగా ఒక రంధ్రం, గాలి ఆడడానికి మరికొన్ని రంధ్రాలు పెట్టించాలి.

గార్డు వేయించి మరిచిపోతే కుదరదు. దాని పైన బురద, ఎండుగడ్డి చేరతాయి. వేడెక్కిన సైలెన్సరు గొట్టానికి గడ్డి తగిలితే నిప్పు అంటుకునే ప్రమాదం వున్నది. చేల గట్ల మీదుగా తిరిగిన బండిని అప్పుడప్పుడు కింద కడిగించి బోల్టులు బిగించుకోవాలి. కొత్త బండి అయితే వారంటీకి భంగం రాకుండా కంపెనీ వారిని అడిగి గార్డు వేయించుకోవడం మేలు. విద్యుత్తు కార్లలో బ్యాటరీయే అడుగున వుంటుంది. దానికి గట్టి దెబ్బ తగిలితే పైకి ఏమీ కనబడకపోయినా పరీక్ష చేయించకుండా ఛార్జింగు పెట్టరాదు.

దెబ్బ తగిలిన చోటే ఆపాలి

కింద ‘ఠంగు’మని మోగినా, ఎదుట నూనె డబ్బా గుర్తుతో ఎర్రదీపం వెలిగినా బండిని పక్కకు తీసి వెంటనే ఇంజను ఆపివేయాలి. చాంబరును పగలగొట్టేది రాయి. ఇంజనును చంపేది మాత్రం ‘ఊరు దగ్గరే కదా’ అని ఆ తరువాత నడిపే నాలుగు మైళ్లు. ఆయిలు లేని ఇంజను కొద్ది నిమిషాల్లోనే బేరింగులు అరిగి పట్టేస్తుంది. కారే చోట సబ్బు, మైనం పూసి బయలుదేరితే ఆయిలు వేడికి అవి నిలవవు. ఇనుప చాంబరును విప్పి అతుకు వేయవచ్చు. అల్యూమినియం చాంబరుకు ఆర్గాన్ వెల్డింగు చేయించాలి, లేదా కొత్తది వేయాలి.

ఇన్సూరెన్సు వున్నదని నమ్ముకునేవారు మరో సంగతి గమనించాలి. సాధారణ మోటారు పాలసీలో ప్రమాదపు దెబ్బకు పరిహారం వుంటుందిగాని, ఆ తరువాత జరిగే పర్యవసాన నష్టానికి వుండదు. పగిలిన చాంబరుకు డబ్బు వచ్చినా, ఆయిలు లేకుండా నడిపి పట్టేయించిన ఇంజనుకు రాకపోవచ్చు. ఆ ఖర్చు బండి నమ్ముకుని బతికే ఆటో కుటుంబానికి కోలుకోలేని దెబ్బ.

దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాటు రోడ్డులో ఈ జాగ్రత్త మరింత అవసరం. అది పులుల అభయారణ్యం. రాత్రివేళ రాకపోకలు ఆపివేస్తారు. అందుచేత బయలుదేరే ముందే, పొద్దు వుండగానే, బండి నిలిచే చోట నేల మీద నూనె మరక వున్నదేమో వంగి చూసుకోవాలి. ఒక్క నిమిషం నడుము వంచితే ఇంజను దక్కుతుంది.