పంటిలోని పాదరసము

లోహములలో పాదరసము వింతైనది. ఇనుము, రాగి మొదలగునవి గట్టిగా నుండగా, ఇది మామూలు వేడిమిలోనే నీటివలె జారుచుండును. వెండి, తగరము, రాగి కలిసిన పొడితో దీనిని నూరినచో మెత్తని ముద్ద యగును. కొంతసేపటికి ఆ ముద్ద రాయివలె బిగియును. దీనికి అమాల్గమ్ అని పేరు. దంతవైద్యులు పుప్పిపంటిని తొలిచి ఆ గుంటను దీనితో పూడ్చుదురు. దీని బరువులో సుమారు సగము పాదరసమే. పాదరసము విషము. అట్టి దానిని నోటిలో నుంచుకొనవచ్చునా?

ఈ వివాదము పాతది. 1833లో అమాల్గమ్ న్యూయార్కు నగరమునకు వచ్చెను. బంగారు రేకుతో పూడ్చుటకంటె ఇది చౌక. పనియు త్వరగా ముగియును. అయినను 1840లో వెలసిన అమెరికా దంతవైద్య సంఘ మొకటి, దీనిని వాడబోమని సభ్యులచే ప్రతిజ్ఞ చేయింపబూనెను. సభ్యులు చీలిపోయిరి. 1850లో ఆ నియమమును రద్దుచేసినను, 1856లో సంఘమే అంతరించెను. అమాల్గమ్ మాత్రము నిలిచెను.

1926లో ఆల్‌ఫ్రెడ్ స్టాక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మరల హెచ్చరించెను. ప్రయోగశాలలో పాదరసపు ఆవిరిని పీల్చి, తలనొప్పికిని మతిమరపునకును లోనైనవాడు కావున, ఆయన మాటను లోకము తేలికగా త్రోసివేయలేకపోయెను.

ఆహారము నమలునపుడు ఈ పూరణమునుండి కొద్దిపాటి ఆవిరి వెలువడుట నిజమే. అది హాని చేయునంతటిదా? అమెరికాలో 534 మంది, పోర్చుగల్‌లో 507 మంది బాలబాలికలను ఏండ్లతరబడి పరీక్షించి, 2006లో ఫలితములను ప్రకటించిరి. అమాల్గమ్ పెట్టించుకొన్నవారి మూత్రములో పాదరసము కొంత హెచ్చుగా నుండెను. కాని బుద్ధియందును, జ్ఞాపకశక్తియందును ఇతరులతో చెప్పదగిన భేదము కానరాలేదు.

అంతమాత్రమున జాగ్రత్త అనవసరమని కాదు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, చిన్నపిల్లలు, మూత్రపిండముల వ్యాధి గలవారు దీనిని వీలైనంతవరకు మానుట మేలని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సూచించెను. చెడని పాత పూరణమును భయముతో తీయించుకొనవలదనియు తెలిపెను. ఏలయన, తొలుచునపుడే ఆవిరి హెచ్చుగా లేచును.

మరియొక చిక్కు కలదు. వైద్యశాలల మురుగుతో పోయిన పాదరసము నీటిలో రూపము మార్చుకొని చేపలలో చేరవచ్చును. జపానులోని మినమాటా పట్టణమున ఒక కర్మాగారపు వ్యర్థములలోని పాదరసము చేపలద్వారా ఎందరి నరములనో చెరచెను. ఆ వ్యాధి 1956లో బయటపడెను. ఆ పట్టణము పేరిట 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక, అమాల్గమ్ వాడుకను క్రమముగా తగ్గింపవలెనని నిర్దేశించెను. భారతదేశము 2018లో దానిని ఆమోదించెను. 2025 నుండి ఐరోపా సమాఖ్య తప్పనిసరియైన చోట దప్ప దీనిని నిషేధించినది.

విషమా కాదా యనుటతో విచారణ ముగియదు. ఎంత మోతాదు, ఎవరికి, ఎక్కడికి చేరును అని కూడ అడుగవలెను. పన్ను పుచ్చకుండ కాపాడుకొన్నవానికి ఈ చిక్కులేవియు లేవు.