ఉద్యోగ ప్రకటన: మోసపు వల

దక్షిణ అండమానునందలి చౌల్దారీవంటి గ్రామములకును నేడు ఫోను మూలమున ఉద్యోగ ప్రకటనలు చేరుచున్నవి. వానిలో కొన్ని నిజమైనవి. కొన్ని స్త్రీలను, బాలికలను వ్యభిచారమునకు విక్రయించువారు పన్నిన వలలు.

వల పన్ను విధము: మొదటి ప్రకటన హెచ్చు జీతము చూపి యువతిని దూరప్రాంతమునకు రప్పించును. అచట గుర్తింపు పత్రములు లాగుకొని, ప్రయాణపు ఖర్చును అప్పుగా చూపి ఆమెను బంధింతురు. రెండవ ప్రకటన మారుపేరుతో ఆమెనే విటులకు అమ్మజూపును.

పోలీసుల కృషి: అమెరికా ప్రభుత్వము 2018 ఏప్రిలులో బ్యాక్‌పేజ్ అను ప్రకటనల వెబ్‌సైటును మూయించెను. అయినను ఒకచోట మూతపడిన వ్యాపారము వేరొకచోట తలయెత్తును. కాని ప్రకటనయే సాక్ష్యము కూడ. అందలి ఫోను నంబరును, సొమ్ము చేరిన ఖాతాను బట్టి ముఠాను పట్టవచ్చును. వెబ్‌సైట్లు, వాట్సాప్ మూలమున స్త్రీలను అమ్ముచుండిన ముఠాను సైబరాబాదు పోలీసులు 2022 డిసెంబరులో పట్టుకొనిరి.

చట్టము: 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షను ప్రకారము ఈ నేరమునకు 7 సంవత్సరములకు తక్కువకాని కఠిన కారాగార శిక్ష కలదు. బాధితురాలు సమ్మతించినదను వాదము చెల్లదు.

చికిత్స: బాధితురాలు నేరస్థురాలు కాదు. అత్యాచారమునకు గురియైన స్త్రీకి ఏ ఆసుపత్రియైనను ఉచితముగ చికిత్స చేయవలయును. హెచ్.ఐ.వి. నివారణ మందును 72 గంటలలోగా, ఎంత త్వరగానైన అంత మంచిది, ప్రారంభింపవలయును.

జాగ్రత్తలు: యజమాని చిరునామా విచారింపక ప్రయాణము కావలదు. అసలు పత్రములు ఎవరికిని ఇయ్యరాదు. అనుమానాస్పదమైన ప్రకటనను చెరిపివేయక భద్రపరచి, 112కు గాని, స్త్రీల సహాయమునకు 181కి గాని, పిల్లల విషయమున 1098కి గాని తెలుపవలయును. సకాలమున చేసిన ఒక్క ఫోను ఒక ప్రాణమును కాపాడగలదు.