ప్రళయానంతర కథలో బాలనాయిక: చదువరుల యభిప్రాయభేదములు

ఆంగ్లవాఙ్మయమున గడచిన నూఱేండ్లలోఁ బ్రబలిన కథాశాఖలలో జాంబీకథ యొకటి. చచ్చియుఁ జావక తిరుగు మనుష్యశరీరమునకు జాంబీ యని పేరు. ఈ పదము హైటీవాసుల నమ్మకములనుండి వచ్చినది. విలియం సీబ్రూక్ 1929 లోఁ బ్రకటించిన 'ది మ్యాజిక్ ఐలండ్' అను గ్రంథమువలన నది యమెరికా చదువరులకుఁ బరిచితమైనది. 1932 లో వెలువడిన 'వైట్ జాంబీ' యను చలనచిత్రమువలన మఱింత ప్రాఁకినది. ఆ తొలిదినములలో జాంబీ యన మాంత్రికునకు వెట్టిచాకిరి చేయు నిస్తేజశరీరమే గాని మనుష్యభక్షణ మెఱుఁగదు. 1968 లో జార్జి రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' అను చిత్రముతో దాని స్వభావము మాఱెను. ఆ చిత్రమున జాంబీ యను పేరే వినఁబడదు. అయినను శవములు గుంపులు గూడి మనుష్యులను దినుట, లోకవ్యవస్థ యంతయుఁ గూలుట యనునవి నాఁటినుండియే యీ కథలకు లక్షణములైనవి. తెలుగున 2021 లో 'జాంబీ రెడ్డి' యను చలనచిత్రము వచ్చుటచేఁ దెలుగువారికిని బదము క్రొత్తది కాదు.

మనకథలలోని బేతాళునితో జాంబీని బోల్చుట పొసఁగదు. బేతాళుఁడు శవము నావహించినను బుద్ధిశాలి. కథ చెప్పి ధర్మసందేహ మడుగును. జాంబీకి బుద్ధి లేదు, వాక్కు లేదు, జ్ఞాపకము లేదు. ఆఁకలి యొక్కటియే కలదు. అందుచేత నీ కథలలోఁ జదువరి యెవరి పక్షము వహింపవలయునను ప్రశ్న సామాన్యముగాఁ బుట్టదు. బ్రతికినవారు మనవారు; తక్కినవారు చంపఁదగినవారు. ఈ నిశ్చయమును గదల్చిన నవల యొకటి 2014 లో నింగ్లండునఁ బ్రకటింపఁబడెను. దానిపేరు 'ది గర్ల్ విత్ ఆల్ ది గిఫ్ట్స్'. సకలవరములు గల బాలిక యని యర్థము. ఇందు నాయికయే జాంబీజాతికిఁ జేరినది. ఈ నవలను మెచ్చినవారును గలరు, నొచ్చుకొన్నవారును గలరు. వారి యభిప్రాయము లెట్లు భేదించినవో, ఆ భేదమునకు గ్రంథమునందున్న హేతు వెట్టిదో విచారించుట యీ వ్యాసమునకు విషయము.

గ్రంథోత్పత్తి

గ్రంథకర్త ఎం. ఆర్. కేరీ. ఈయన 1959 లో లివర్‌పూలునఁ బుట్టి, మైక్ కేరీ యను పేరుతో 'లూసిఫర్' మున్నగు బొమ్మలకథలను, నవలలను వ్రాసి పేరు గాంచెను. 2012 లో 'యాన్ ఆపిల్ ఫర్ ది క్రీచర్' అను కథాసంపుటమున నీయన 'ఇఫిజెనియా ఇన్ ఆలిస్' అను చిన్నకథను బ్రకటించెను. దానినే పెంచి నవలగాను, చలనచిత్రరచనగాను నేకకాలమున వ్రాసెను. నవల 2015 వ సంవత్సరపు ఆర్థర్ సి. క్లార్క్ బహుమానమునకై తుదిపట్టికలోఁ జేర్పఁబడిన యాఱింటిలో నొకటి. బహుమానము మాత్ర మెమిలీ సెయింట్ జాన్ మాండెల్ వ్రాసిన 'స్టేషన్ ఎలెవెన్' అను మఱియొక ప్రళయానంతర నవలకు లభించెను. చలనచిత్రము కొల్మ్ మెకార్తీ దర్శకత్వమున 2016 లో వెలువడెను.

కథాసంగ్రహము

ఉష్ణదేశపుటడవులలోఁ జీమలను బట్టు బూజుజాతి యొకటి కలదు. ఒఫియోకార్డిసెప్స్ అని దాని శాస్త్రనామము. అది చీమశరీరమునఁ బ్రవేశించి దాని నడకను దన వశము చేసికొనును. చీమ చెట్టునెక్కి, యాకు నీనెను గఱచి పట్టి, యచటనే చచ్చును. పిదపఁ దలనుండి యొక కాఁడ మొలచి బీజరేణువులను రాల్చును. ఇది ప్రకృతిలో నిజముగా జరుగునదే. ఈ బూజు మనుష్యులకు సోఁకినచో నేమగునని కేరీ యూహించెను. సోఁకినవారు బుద్ధి గోల్పోయి మాంసమునకై పరుగిడుదురు. నవలలో వారిని జాంబీ లనక 'హంగ్రీలు', అనఁగా నాఁకలిగొన్నవారు, అని పిలుతురు.

ఉత్పాతము జరిగి యిరువదియేండ్లు గడచినవి. లండనునకు నుత్తరమున నున్న సైనికస్థావరమునఁ గొందఱు పిల్లలు చెఱలో నుందురు. వారికి బూజు సోఁకియున్నది. అయినను బుద్ధి చెడలేదు. పదియేండ్ల మెలనీ వారిలో మిక్కిలి చుఱుకైనది. ప్రతిదినము నామెను తుపాకి గుఱిపెట్టి చక్రములకుర్చీకిఁ గట్టి బడిగదికిఁ దోడుకొనిపోవుదురు. అచటఁ జదువు చెప్పు హెలెన్ జస్టినో యనిన నామెకుఁ బ్రాణము. మందు కనుఁగొనుటకై పిల్లల మెదళ్లు కోసి చూచు డాక్టరు కాల్డ్‌వెల్ మఱియొక ప్రక్క నుండును. స్థావరము కూలిన పిదప మెలనీ, జస్టినో, కాల్డ్‌వెల్, సార్జెంటు పార్క్స్, గాలఘర్ అను పడుచుసైనికుఁడు, ఈ యైదుగురును దక్షిణమున బీకన్ అను మనుష్యనివాసమునకై బయలుదేఱుదురు. త్రోవలో లండనున 'రోజలిండ్ ఫ్రాంక్లిన్' అను సంచారప్రయోగశాల దొరకును. ఈ పిల్లలు హంగ్రీలకుఁ బుట్టిన రెండవతరమువారనియు, వీరియందు బూజును మెదడును గలసి బ్రతుకుచున్నవనియు, పెద్దలకు మందు లేదనియుఁ గాల్డ్‌వెల్ కనిపెట్టి, యా సత్యమును మెలనీకిఁ జెప్పి మరణించును. అప్పుడు మెలనీ తెగువచేసి బూజుకాయల మహారణ్యమునకు నిప్పంటింపఁజేయును. కాయలు పగిలి బీజరేణువులు గాలిఁ గలయును. పాతమానవజాతి యంతరించును. మూసినశాలలో మిగిలిన జస్టినో క్రొత్తజాతి పిల్లలకు నక్షరములు దిద్దించుచుండఁగాఁ గథ ముగియును.

చదువరుల యభిప్రాయములు

మొదటిభాగమును గూర్చి చదువరులలో భేద మంతగాఁ గానరాదు. చెఱను, బడిని గూర్చిన యా ప్రకరణములను దఱచుగా నందఱును మెచ్చిరి. మెలనీకిఁ దన్నుగూర్చి తెలియదు. చదువరి యామెకంటె నొక్క యడుగు ముందుగా గ్రహించును. పసిబిడ్డను గట్టివైతురేల యని యలిగిన చదువరికి, పార్క్స్ తన ముంజేతికిఁ బూసికొన్న మందును దుడిచి యొక బాలుని ముక్కునొద్దఁ బెట్టి చూపు ఘట్టమునఁ గారణము తెలియును. తెలిసియు నా యలుక తీఱదు. ఇదియే యీ భాగపు బలము.

నడిమిభాగమును గూర్చి యభిప్రాయములు చీలినవి. శూన్యనగరములు, దాఁగుచోట్లు, తిండికై వెదకులాట యనునవి యీ శాఖలో నరిగిపోయిన త్రోవలని కొందఱు విసిగిరి. పాత్రలును ముందెఱిఁగినవే యని వారి యాక్షేపణ: కరుకుసైనికుఁడు, కరుణగల పంతులమ్మ, దయలేని శాస్త్రవేత్త. మెలనీ లోకమును దొలిసారి చూచుట యిందేయనియు, తొలుత నామెను జంతువుగాఁ జూచిన పార్క్స్ క్రమముగా మనిషిగా నెంచుటకుఁ బయన మావశ్యకమనియుఁ దక్కినవారు సమాధానము చెప్పిరి. బూజును, బాలికను జూచి, 2013 నాఁటి 'ది లాస్ట్ ఆఫ్ అజ్' అను కంప్యూటరు ఆటనుండి కేరీ యెరువు దెచ్చెనని తలఁచినవారును గలరు. ఆయన చిన్నకథ 2012 లోనే ప్రకటింపఁబడుటచే నీ తలంపు నిలువదు.

నాయికను గూర్చిన వాదము గట్టిది. పదియేండ్ల పిల్లకు నింతటి వివేక మెక్కడిదని కొందఱి ప్రశ్న. మెలనీ యెఱిఁగినది పుస్తకమే గాని లోకము కాదు. ఆమెకుఁ బురాణగాథలు తెలియును; చెట్టు తెలియదు. అందుచే నామె మాటలలోఁ బెద్దఱికమును, చూపులో శైశవమును గలసియుండుట యనుచితము గాదు. తన యాఁకలి నెఱిఁగిన పిదప నోటికిఁ జిక్కము కట్టుఁడని తానే కోరుట యామె శీలమునకుఁ బరమప్రమాణము. అలంకారశాస్త్రమునఁ జెప్పిన ముగ్ధ, మధ్య, ప్రౌఢ యను భేదములలో నీమె యిమిడెడిది కాదు. ఆ భేదములు శృంగారమును బట్టి యేర్పడినవి. ఇచటి నాయికాత్వము స్వనిగ్రహమును బట్టి యేర్పడినది.

చలనచిత్రము మఱియొక వాదమును బుట్టించెను. మెలనీ యను పేరునకు గ్రీకుభాషలో నల్లనిదని యర్థము. నవలలో నామె తెల్లనిది, జస్టినో నల్లజాతి స్త్రీ. చిత్రమున సెనియా నాన్యువా, జెమా ఆర్టర్టన్ ఆ పాత్రలను ధరించుటచే నది తాఱుమాఱైనది. నల్లజాతి విదుషీపాత్ర యొకటి పోయెనని కొందఱు చింతించిరి. సంకెలలోని నల్లపిల్లను జూచినపుడు కథ కధికార్థము సిద్ధించెనని మఱికొందఱు మెచ్చిరి.

తుదిఘట్టము

అన్నిటికంటెఁ దీవ్రమైన భేదము తుదిఘట్టమును గూర్చినది. ఒక పక్షమువారికిఁ బదియేండ్ల పిల్ల మనుష్యజాతికి మరణశాసనము వ్రాయుట ఘోరము. బీకనులోని వా రేమి యపరాధము చేసిరి? ఎవరి యనుమతిచే నామె తీర్పు చెప్పినది? రెండవపక్షమువా రిట్లందురు: పాతజాతి యెట్లును నశింపవలసినదే, నశించులోపల నది క్రొత్తజాతి పిల్లలను వేఁటాడి చంపును, మెలనీ రెండు నాశములలో నొకదానిని దప్పించినది.

ఈ భేదమునకు మూలము కథనదృష్టిలోఁ గలదు. కథ యైదుగురి దృష్టులనుండి నడచినను దొలుత మెలనీ దృష్టితోఁ దెఱవఁబడినది. గ్రంథమంతయు వర్తమానకాలక్రియలతోనే సాగును. అందుచేఁ గథకుఁడు జరిగినదానిని దలఁచి తీర్పు చెప్పు నవకాశము లేదు. తీర్పు చదువరియే చెప్పవలెను. ఆ చదువరి యప్పటికే మెలనీ కన్నులతోఁ జూచుట కలవాటుపడియున్నాఁడు. రసదృష్టిని జూచినచో జాంబీకథలకు భయమును, జుగుప్సయు స్థాయిభావములు. ఇచట జుగుప్స కాలంబనము కావలసినదియే వాత్సల్యమున కాలంబనమైనది. వత్సలమును రసముగా నంగీకరించిన సాహిత్యదర్పణకారుని మతమున నిది రసద్వయసంఘర్షణము. విరుద్ధరసము లొకచోఁ గూడినపుడు నొకటి రెండవదానికి నంగము కావలెనని ధ్వనికారమతము. కేరీ బీభత్సమును వత్సలమున కంగముగాఁ జేసెను. ఆ యంగాంగిభావమునకు లోఁబడిన చదువరి ముగింపును సహించును. లోఁబడనివాఁడు దానిని ద్రోహ మనును.

రిచర్డ్ మాథెసన్ 1954 లో వ్రాసిన 'ఐ యామ్ లెజెండ్' అను నవలతో దీనిని బోల్చి, కేరీ క్రొత్తగాఁ జెప్పినది లేదన్నవారు కలరు. అందును నొక వ్యాధిచేఁ బాతజాతి యంతరించి క్రొత్తజాతి తలయెత్తును. తనవారిలోఁ గడపటివాఁడైన నెవిల్, ఆ క్రొత్తవారి కన్నులకుఁ దానే రాక్షసుఁడని తుదకు గ్రహించును. పోలిక నిజమే. కాని మాథెసన్ గతించువాని కన్నులతోఁ జూపినదానిని గేరీ వచ్చుదాని కన్నులతోఁ జూపెను. మొదటిదానిలోఁ జదువరి తాను చచ్చువానితోఁ గూడి తీర్పు వినును. రెండవదానిలోఁ దీర్పు చెప్పు చిన్నదాని చేయి పట్టుకొని నిలుచును. రెండవస్థితియే కష్టతరమైనది.

గ్రీకుగాథల నామములను బరిశీలించిన నీ విషయము మఱింత స్పష్టమగును. ఇఫిజెనియా పెద్దల నౌకాయాత్రకై తండ్రిచే బలియీయఁబడిన కన్య. చిన్నకథకుఁ బెట్టిన పేరామెది. నవల పేరు పాండోరాది. ఆ నామమునకు సకలవరములు గల దనియే యర్థము. ఆమె పెట్టె తెఱచి లోకమున బాధలను విడిచిపెట్టినది. పెట్టెయడుగున నాశ యొక్కటి మిగిలినది. పెద్దల మేలుకై బలి కావలసిన పిల్ల బలి కాక పెట్టె తెఱచుటయే యీ నవలకు సారము. కాల్డ్‌వెల్ కోరినది ఇఫిజెనియాను. ఆమెకు దొరికినది పాండోరా. ఒకతరము తాను బ్రతుకుటకు మఱియొకతరమును గోయవచ్చునా యను ప్రశ్న యిందుండుటచేతనే చదువరులు శాంతముగా నుండలేకపోయిరి.

అయినను ఆక్షేపించినవారి మాటలో నొకటి త్రోసివేయరానిది. మెలనీ తీర్పునకు గుఱియైన బీకనువాసులు కథలో ముఖము లేనివారు. చెఱలోని పిల్లలకుఁ బేళ్లు కలవు. బీకనులోని పిల్లల కవి లేవు. అందుచే భారముగా నుండవలసిన తుదిఘట్టము కొంత తేలికయైనది. 2017 లో వెలువడిన 'ది బాయ్ ఆన్ ది బ్రిడ్జ్' అను పూర్వకథలోఁ గేరీ బీకనునుండి బయలుదేఱిన సంచారశాలలోని వారి జీవితమును జిత్రించెను గాని, యొక నవల కొఱఁతను వేఱొక నవల పూర్ణముగాఁ దీర్పఁజాలదు.

కావున మెచ్చినవారును నొచ్చుకొన్నవారును గ్రంథమును దప్పుగాఁ జదివినవారు కారు. మెలనీయందుఁ బుట్టిన ప్రేమకు వెల యెంతయని గ్రంథము తుదకు నడుగును. కొందఱు చెల్లింతుము అనిరి. కొందఱు అంత వెల చెల్లింపఁజాలమనిరి. జాంబీ నవలను జదివి చదువరు లిట్టి ధర్మసందేహమును గూర్చి వాదించుకొనుట యా శాఖకు గౌరవమే. మనుష్యభక్షణకథగా మొదలైనది తుదకు బేతాళప్రశ్నగా మాఱినది.